పొద్దున గట్టి, మధ్యాహ్నం మెత్తన: సెట్ అవ్వని ఎపాక్సీ టేబుల్ కేసు

విశాఖపట్నంలో ఒక కాఫీ షాపు కోసం చేసిన రివర్ టేబుల్ కేసు ఇది. అటూ ఇటూ నిద్రగన్నేరు పలకలు, మధ్యలో నదిలా నీలం ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే పదార్థం). పొడవు ఆరడుగులు, నది వెడల్పు సగటున 25 సెంటీమీటర్లు, లోతు నాలుగున్నర సెంటీమీటర్లు. దాదాపు 20 లీటర్ల మిశ్రమం పట్టే పని. వానాకాలంలో, రెండు పొరలుగా పోశారు. పోసి నెల దాటినా పైన గోరు దిగుతోంది.

షాపు యజమాని డూప్లికేట్ రెసిన్ అంటగట్టారని అంటున్నారు. అమ్మినాయన మీవాళ్లకి కలపడం రాదంటున్నాడు. టేబుల్ చేసిన మేస్త్రి మాత్రం "ముసురండి, ఎండ మొహం చూడలేదు, అందుకే పట్టలేదు" అంటున్నాడు. తగువు డబ్బు వాపసు దాకా వెళ్లాక నన్ను పిలిచారు. చెక్క, రెసిన్ పని చేసుకుంటూనే ఇలా చెడిపోయిన పనులు చూసి కారణం తేల్చడం కూడా నా వృత్తిలో భాగమైపోయింది.

రెసిన్ సెట్ అవ్వలేదు అనగానే చాలామంది దాన్ని ఒకే లోపం అనుకుని ఒకే చిట్కా వెతుకుతారు. మేస్త్రి నన్ను అడిగిన మొదటి మాట కూడా అదే: "హార్డెనర్ తగ్గిందేమోనండి, పైన ఇంకాస్త రాస్తే పట్టదా?" పట్టదు. పైన రాసిన హార్డెనర్ లోపలికి వెళ్లదు, అక్కడే జిడ్డుగా ఉండిపోయి ఉన్న పనిని ఇంకా పాడుచేస్తుంది. ముందు చూడాల్సింది ఎక్కడ అంటుకుంటోంది, ఏ వేళలో అంటుకుంటోంది, వేలికి ఎలా తగులుతోంది అన్నది. ఈ మూడింటికీ జవాబు దొరికితే కారణం చాలావరకు టేబుల్ మీదే కనిపిస్తుంది.

ఈ టేబుల్ మీద నాకు మూడు రకాల అంటుకోవడం కనిపించింది. మూడూ ఒకే చోట కలిసి ఉండటం వల్లే ఎవరి వాదన వాళ్లకి నిజం అనిపించింది.

మొదటిది పైన మొత్తం ఉన్న జారుడు పొర. వేలు నడిపితే పల్చగా మైనం రాసినట్టు తగిలింది, వెలుతురుకి అడ్డంగా చూస్తే మసకగా ఉంది. ఒక మూల గోరువెచ్చని నీళ్లు, స్కాచ్ బ్రైట్‌తో రుద్ది పొడిగుడ్డతో తుడిచాను. అంత మేర జారుడు పోయింది. దీన్ని అమైన్ బ్లష్ అంటారు. హార్డెనర్‌లో ఉండే అమైన్లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన కార్బమేట్ పొరగా తేలతాయి. వానాకాలంలో, అందులోనూ సముద్రం పక్కన, ఇది మామూలే. నీళ్లతో పోతుంది. థిన్నర్‌తో తుడిస్తే పోదు, అటూ ఇటూ పూసుకుంటుంది. కడగకుండా ఇసుక కాగితం వేస్తే గీతల్లోకి దూరి, పైన వేసే తర్వాతి పొరని పట్టనివ్వదు. మేస్త్రి చెప్పిన ముసురు నిజమే, కానీ ముసురు చేసిన నష్టం ఇంతవరకే. తేమ వల్ల పైన పొర తేలుతుంది గానీ రెండు సెంటీమీటర్ల మందాన రెసిన్ మెత్తగా మిగిలిపోదు.

రెండోది అసలు సమస్య. జారుడు కడిగేసిన చోట కూడా గోరు దిగుతోంది. షాపు యజమాని చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. పొద్దున షాపు తెరిచేటప్పుడు టేబుల్ బాగానే ఉంటుందట, మధ్యాహ్నం వేడి కప్పు పెడితే అడుగు అచ్చు గుండ్రంగా పడుతుందట. సగం పట్టి ఆగిపోయిన రెసిన్ అయితే మామూలుగా పొద్దున కూడా జిగటగానే ఉంటుంది. ఇలా పొద్దున గట్టిగా ఉండి మధ్యాహ్నం మెత్తబడుతోందంటే రెసిన్ ఎంత పట్టాలో అంతా పట్టేసి, తయారైన పదార్థమే బలహీనంగా ఉందన్న అనుమానం వస్తుంది. ప్రతి ఎపాక్సీకి అద్దంలా బిరుసుగా ఉండే స్థితి నుంచి రబ్బరు స్థితికి మారే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది, గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. మంచి టేబుల్ రెసిన్‌కి అది గది వేడికంటే బాగా పైన ఉండాలి. ఇక్కడ అది మధ్యాహ్నం వేడి దగ్గరికే దిగిపోయింది.

టేబుల్ తిరగేయించి అడుగు వైపు కూడా చూశాను. గట్టిదనం కొలిచే షోర్ డీ మీటర్ పెడితే కింది పొర 80 దగ్గర చూపించింది, అంటే లోపం లేదు. పైపొర 50 దాటలేదు. అదే రెసిన్, అదే హార్డెనర్, అదే షెడ్డు. ఒక పొర గట్టిగా, ఒక పొర మెత్తగా వచ్చాయంటే డబ్బాలోని సరుకు మీద కంటే కలిపిన తీరు మీదే అనుమానం పెట్టుకోవాలి.

మూడోది ఒక కొస దగ్గర, జానెడు మేర. అక్కడ రెసిన్‌లో చారలు చారలుగా, చుట్టూ ఉన్నదానికంటే ఒక ఛాయ ముదురు నీలంగా, పుల్ల గుచ్చితే తీగ సాగేంత జిగట. నెల దాటినా అది ద్రవంగానే ఉంది. రంగు పేస్టు ముందుగా రెసిన్‌లో కలిపారని మేస్త్రి చెప్పాడు. అంటే ముదురు చారలన్నీ హార్డెనర్ అందని రెసిన్. ఇలాంటి చారలు ఒక కొసన మాత్రమే కనిపిస్తే నేను అడిగేది ఒక్కటే: బకెట్ చివర్న ఎక్కడ ఒంపారు?

బకెట్ ఇంకా వాళ్ల షెడ్డు వెనకాలే పడి ఉంది. ఇలాంటి కేసుల్లో బకెట్ దొరకడం అదృష్టం, కస్టమర్లు అన్నీ ఫొటోలు తీస్తారు గానీ బకెట్ ఫొటో ఎవరూ తీయరు. 20 లీటర్ల పెయింట్ బకెట్ అది. వెలుతురులోకి తెచ్చి లోపల చూస్తే, అడుగున మధ్యలో మిగిలింది రబ్బరు బిళ్లలా ఊడి వచ్చింది. గోడ, అడుగు కలిసే మూల చుట్టూ మాత్రం ముదురు నీలం జిగురు వలయంలా ఉంది, బొటనవేలు పెడితే గ్లవ్‌కి అంటుకుని సాగింది. డ్రిల్లుకి మిక్సర్ రాడ్ పెట్టి మధ్యలోనే తిప్పారు. చిక్కటి రెసిన్ గోడని పట్టుకుని ఉండిపోతుంది, రాడ్ ఎంత తిరిగినా అది కదలదు. టేబుల్ మీదికి పోసి, ఆఖర్న బకెట్ బోర్లించి గరిటెతో గోకి ఆ కొసన దులిపారు. గోకిందే కలవని భాగం.

తర్వాత కూర్చుని రెండు రోజుల పనీ అడిగాను. మొదటి పొర మేస్త్రి స్వయంగా కలిపాడు. ప్లాస్టిక్ జగ్గు పెట్టుకుని రెండు జగ్గుల రెసిన్‌కి ఒక జగ్గు హార్డెనర్. రెండో రోజు ఆయన ఊళ్లో లేడు, మేనల్లుడు కలిపాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. అడిగితే ఏదీ దాచకుండా చెప్పాడు.

"జగ్గులో నిన్నటి రెసిన్ గట్టిపడిపోయిందండి. మావయ్య ఫోన్ ఎత్తలేదు. కాటా ఉంది కదా అని తూచి పోశాను. డబ్బా మీద రెండుకి ఒకటి అనే ఉందండి."

"ఎంతెంత తూచావు?"

"ఏడు కిలోల రెసిన్, మూడున్నర హార్డెనర్. బయట వాన. మావయ్య వానప్పుడు ఎప్పుడూ ఓ చుక్క ఎక్కువేస్తాడు కదా అని ఇంకో గ్లాసు పోశాను."

ఆ గ్లాసు తెప్పించి తూచాను. దాదాపు 300 గ్రాములు పడుతుంది.

డబ్బా మీద రెండుకి ఒకటి అన్నది కొలతలో, అంటే ఘనపరిమాణంలో. అదే లేబుల్ కింది వరుసలో, చిన్న అక్షరాల్లో, బరువులో అయితే 100కి 43 అని ఉంది. రెండూ ఒకటే. రెసిన్ బరువైనది, లీటరు దాదాపు 1.12 కిలోలు. హార్డెనర్ తేలిక, లీటరు దాదాపు 0.96 కిలోలు. కాబట్టి కొలతలో సగం అంటే తూకంలో సగం కాదు, నూటికి 43. ఏడు కిలోల రెసిన్‌కి వేయాల్సింది మూడు కిలోల హార్డెనర్. కుర్రాడు వేసింది మూడు కిలోల ఎనిమిది వందలు. వేయాల్సినదాని మీద పాతిక శాతం పైనే ఎక్కువ.

ఇక ఆ "ఓ చుక్క ఎక్కువ" గురించి చెప్పాలి, ఎందుకంటే మన కోస్తాలో రెసిన్ పని చేసే చాలామందిలో ఇది ఉంది. మేస్త్రి ఎపాక్సీకి రాకముందు ఫైబర్ తెప్పలు కట్టే చోట పనిచేశాడు. అక్కడ వాడేది పాలిస్టర్ రెసిన్. దానికి కోబాల్ట్ యాక్సిలరేటర్, ఎమ్ఈకేపీ క్యాటలిస్ట్ కలుపుతారు. క్యాటలిస్ట్ నూటికి ఒకటి, రెండు పాళ్లే. అది పాలలో తోడు లాంటిది: చల్లగా ఉంటే కాస్త ఎక్కువ వేస్తే తొందరగా తోడుకుంటుంది, తగ్గితే ఆలస్యం అవుతుంది, మరీ హద్దు దాటకపోతే ఎలాగైనా పెరుగు అవుతుంది. వానప్పుడు ఓ చుక్క ఎక్కువ వేయడం అక్కడ తప్పు కాదు, అనుభవం. (మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: కోబాల్ట్‌ని, ఎమ్ఈకేపీని ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకండి. మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.)

ఎపాక్సీ హార్డెనర్ పని అది కాదు. అది తయారయ్యే పదార్థంలోనే ఒక భాగం. రెసిన్ అణువు రెండు చివర్లా ఎపాక్సైడ్ వలయాలు ఉంటాయి, హార్డెనర్‌లో అమైన్ హైడ్రోజన్లు ఉంటాయి. ఒక్కో హైడ్రోజన్ ఒక్కో వలయాన్ని తెరిచి దానికి అతుక్కుంటుంది. అన్నీ జతకూడితేనే గట్టి అల్లిక. హార్డెనర్ ఎక్కువైతే వలయాలన్నీ అయిపోయాక ఇంకా ఖాళీ అమైన్లు మిగులుతాయి, అల్లికలో ముడులు తగ్గి గొలుసు కొసలు వదులుగా వేలాడతాయి. ముద్ద గట్టిపడినట్టే కనిపిస్తుంది గానీ వేడికి మెత్తబడుతుంది. మిగిలిన అమైన్లు పైకి తేలి బ్లష్ కూడా ఎక్కువ చేస్తాయి. రెసిన్ ఎక్కువైనా ఇంతే చేటు, అప్పుడు జిగట మిగులుతుంది.

ఎంత వేయాలన్నది అంచనాతో తేలేది కాదు. టెక్నికల్ డేటా షీట్‌లో రెండు అంకెలు ఉంటాయి: రెసిన్ ఎపాక్సీ ఈక్వివలెంట్ వెయిట్, హార్డెనర్ అమైన్ హైడ్రోజన్ ఈక్వివలెంట్ వెయిట్. రెండోదాన్ని 100తో హెచ్చవేసి మొదటిదానితో భాగిస్తే వంద గ్రాముల రెసిన్‌కి ఎన్ని గ్రాముల హార్డెనరో వస్తుంది. మామూలు ద్రవ రెసిన్‌కి మొదటి అంకె 190 దగ్గర ఉంటుంది. హార్డెనర్‌ది 60 అనుకుంటే 6000ని 190తో భాగించాలి, 31.6 గ్రాములు. హార్డెనర్ మారితే అంకె మారుతుంది. అందుకే ఒక కంపెనీ రెసిన్‌కి ఇంకో కంపెనీ హార్డెనర్ వేయకూడదు. రెండింటి మీదా రెండుకి ఒకటి అనే రాసి ఉన్నా సరే.

ఇంత విన్నా యజమానికి సరుకు మీద అనుమానం పోలేదు. ఆయన డబ్బు పెట్టారు, అనుమానం సహజం. అందుకే మిగిలిన డబ్బాలతోనే, అందరి ముందూ మూడు కప్పులు కలిపాను. ఒకదాంట్లో 100కి 43, రెండోదాంట్లో 100కి 50, మూడోదాంట్లో 100కి 54, అన్నీ గ్రాముల కాటా మీద తూచి, కప్పుల మీద మార్కర్‌తో అంకెలు రాసి పెట్టాం. ఇది డీప్ పోర్ రకం, అంటే మందంగా పోయడానికి చేసినది, హార్డెనర్ నిదానం. చిన్న కప్పులో సొంత వేడి పుట్టక ఇంకా నిదానిస్తుంది, కాబట్టి ఓపిక పట్టాలని ముందే చెప్పాను. పూర్తిగా ఆగాక 43 కప్పు బల్లకేసి కొడితే గాజులా మోగింది. 50 కప్పు పొద్దున బాగుంది, ఎండలో పెట్టాక గోరుకి లొంగింది. 54 కప్పు టేబుల్ పైపొరకి అచ్చంగా జత: అదే జారుడు, అదే మెత్తదనం. సరుకు మంచిదేనని యజమాని కళ్లముందే తేలింది.

ఇంకో పరీక్ష కూడా చేశాను, ఇది ఎవరైనా చేయొచ్చు. పైపొర నుంచి చిన్న ముక్క కోసి, వంటకి వాడని పాత ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచి చల్లార్చి చూశాను. చలి వల్లో, టైము చాలకో ఆగిపోయిన రెసిన్ అయితే ఈ వేడికి గట్టిపడుతుంది. పాళ్లు తప్పినది చల్లారాక మళ్లీ ముందున్నట్టే ఉంటుంది. మా ముక్క ఏమీ మారలేదు. టేబుల్‌ని హీటర్ కింద పెడితే నయమవుతుందన్న ఆశ అక్కడితో వదిలేశాం.

చెక్కలో తేమ మీటరుకి 11 శాతం చూపించింది, అది సరిగానే ఉంది. రెసిన్ డబ్బా అడుగున చక్కెర పలుకుల్లాంటివి కొన్ని కనిపించాయి. నిల్వ ఉన్న రెసిన్‌లో ఇలా స్ఫటికాలు కట్టడం మామూలే, డబ్బాని 50, 60 డిగ్రీల వేడినీళ్లలో కూర్చోబెడితే కరిగిపోతాయి. కప్పుల పరీక్షకి ముందు అలా కరిగించే వాడాను.

ఇక మరమ్మతు. మెత్తటి రెసిన్ మీద శాండర్ పనిచేయదు, కాగితం నిమిషంలో బంకపట్టి మూసుకుపోతుంది. పైపొర మొత్తం రూటర్ అనే చెక్కే మిషన్‌తో, చదును చేసే కార్బైడ్ బిట్ పెట్టి, పట్టాల మీద నడిపి తీయించాను. ఆ పని తెల్లవారుజామునే. పొద్దెక్కితే రెసిన్ మెత్తబడి పొట్టు రాకుండా బిట్‌కి చుట్టుకుంటుంది. తొందరపడి రూటర్ వేగం పెంచితే ఆ వేడికే కరుగుతుంది. కొస దగ్గరి చారలని ఉలితో, స్క్రాపర్‌తో గట్టి అడుగు తగిలేదాకా తవ్వాం. పచ్చి రెసిన్ మీద ఎంత మంచి రెసిన్ పోసినా కింద పచ్చిది పచ్చిగానే ఉంటుంది, కొన్నాళ్లకి అంచు సందుల్లోంచి కారుతుంది. అక్కడ చెక్క అంచు కూడా జిగురు పీల్చుకుని ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు కోసేశాం. యజమానికి ఆ సహజమైన అంచు పోతుందని బాధ కలిగింది, నాకూ కలిగింది. కానీ పీల్చుకున్న చెక్కని వదిలేస్తే కొత్త రెసిన్ అక్కడే విడిపోయేది.

బయటపడిన కింది పొరని గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, 80 నంబరు కాగితంతో గరుకు చేసి, దుమ్ము తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. కొత్త పొర మొత్తం తూకంలోనే కలిపాం. కలిపే పని కుర్రాడి చేతే చేయించాను. ఒక బకెట్‌లో నెమ్మదిగా కలిపి, మధ్యమధ్యలో చదునైన గరిటెతో గోడలు, అడుగు, మూలలు గోకి మళ్లీ కలిపి, ఆ మొత్తాన్ని ఇంకో శుభ్రమైన బకెట్‌లోకి ఒంపి అక్కడ మళ్లీ కలిపాడు. మొదటి బకెట్‌ని గోకి ఒంపడం లేదు, అందులో మిగిలింది అందులోనే. రెండో బకెట్ నుంచే టేబుల్ మీదికి. ఇలా చేస్తే గోడకి పట్టుకున్న కలవని రెసిన్ టేబుల్ దాకా రాదు. చివర్లో ఒక కాగితం కప్పులో కాస్త సాంపిల్ పోసి తేదీ, తూకం రాసి దాచాం.

పట్టాక 50 డిగ్రీలు దాటకుండా పోస్ట్ క్యూర్ ఇచ్చాం, అంటే గట్టిపడ్డాక మళ్లీ కాస్త వేడి పెట్టడం. థర్మోకోల్ షీట్లతో గూడు కట్టి లోపల చిన్న హీటర్, థర్మామీటర్, వేడిని మెల్లగా పెంచి మెల్లగానే దించడం. చెక్క ఉన్న పనికి అంతకంటే వేడి ఇస్తే చెక్క ఎండి అంచు విడుస్తుంది. ఆ తర్వాత మీటరు పైన, కింద ఒకేలా 80 పైన చూపించింది. వేడి కప్పుకి అచ్చు పడలేదు. అయినా కోస్టర్ వాడమనే చెప్పాను, గది వేడిలో పట్టే ఎపాక్సీల్లో చాలావరకు మరిగే గిన్నెకి తట్టుకోవు.

పని జరుగుతుండగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది టేబుల్ కాదు. కుర్రాడి వేళ్ల మధ్య ఎర్రటి దద్దుర్లు, గోకి గోకి పుండు పడ్డాయి. గ్లవ్స్ లేకుండా కలిపి, చేతులకి అంటిన రెసిన్‌ని థిన్నర్‌తో కడుక్కుంటున్నాడు. పచ్చి రెసిన్, హార్డెనర్ ఒంటికి అలర్జీ తెస్తాయి, ఒకసారి వచ్చిందంటే చాలామందికి జీవితాంతం ఉంటుంది, చుక్క తగిలినా మళ్లీ లేస్తుంది. థిన్నర్ చర్మంలోని నూనె తీసేసి రెసిన్‌ని ఇంకా లోపలికి పంపుతుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, అంటితే వంటనూనె రాసి తుడిచి సబ్బుతో కడగాలి. సగం పట్టిన రెసిన్‌ని సాండ్ చేస్తే లేచే దుమ్ము కూడా అంతే ప్రమాదం, మంచి మాస్క్ లేకుండా ఆ పని ముట్టకూడదు. ఆ పిల్లాడిని చర్మ డాక్టరు దగ్గరికి పంపాకే మిగతా పని మొదలెట్టాం.

ఇదే మెత్తదనం వేరే కారణాలతోనూ వస్తుంది. డీప్ పోర్ రెసిన్‌ని పల్చటి పైకోటుగా వేస్తే వేడి పుట్టక రోజుల తరబడి జిగటగా ఉంటుంది, ఓపిక పడితే పడుతుంది. అరకులో డిసెంబరు రాత్రి పోసినా అంతే, వేడి పది డిగ్రీలు తగ్గితే రియాక్షన్ దాదాపు సగం వేగానికి పడిపోతుంది. నీళ్ల రంగులు కలిపినా, పల్చన చేయడానికి థిన్నర్ పోసినా, రంగు పేస్టు నూటికి ఐదారు పాళ్లు దాటినా మెత్తదనం మిగులుతుంది, అది ఓపికతో పోదు.

కీచైన్లు, కోస్టర్లు లాంటి చిన్న పనులు చేసేవాళ్లు ఒకటి గమనించుకోండి. వంటింటి కాటా గ్రాము దాకానే చూపిస్తుంది. పది గ్రాముల హార్డెనర్ తూచేటప్పుడు ఒక గ్రాము తేడా అంటే పది శాతం తేడా. పాయింట్ వన్ గ్రాము చూపించే చిన్న కాటా కొనండి. అది కుదరకపోతే, అచ్చులు నాలుగు ఎక్కువ పెట్టుకుని ఒకేసారి పెద్ద బ్యాచ్ కలపండి.